తీసేసిన శుభలేఖలు

శ్రావణం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయనగా మా నాచారం ప్రెస్సులో కంప్యూటరు మొండికేసింది. తెర మీద ఎర్ర గీత వచ్చింది. క్లౌడులో చోటు నిండిపోయింది, ఇక కొత్త ఫైళ్ళు ఎక్కవు అని దాని సారాంశం.

మాది శుభలేఖల వ్యాపారం. ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర షాపు ఉంది. అక్కడ నేను కూర్చుని ఆర్డర్లు తీసుకుంటాను, బేరాలు తెగ్గొడతాను. ప్రెస్సు నాచారం పారిశ్రామికవాడలో. అక్కడ మిషన్లు చూసుకునేది మా తమ్ముడు బుచ్చిబాబు. వాటా సగం సగం. ఏలూరు నుంచి ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం. ఇన్నేళ్ళైనా నేను నా యాస మార్చుకోలేదు, వాడు హైదరాబాదు యాస పూర్తిగా నేర్చుకోలేదు.

డిజైన్లన్నీ చాందిని చేస్తుంది. జవహర్‌నగర్ పిల్ల. తల్లీ కూతుళ్ళ సంసారం ఆ పిల్ల జీతం మీదే నడుస్తుంది. మా దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు మా చుట్టుపక్కల ప్రెస్సుల్లో ఎవరూ గీయలేని బొమ్మలు గీస్తోంది. ఈ రోజుల్లో కార్డొక్కటే ఇస్తే ఎవరూ ఒప్పుకోరు. వాట్సాప్‌లో పంపుకోవడానికి సన్నాయి పాటతో వీడియో కూడా కావాలి. అదీ చాందినే చేస్తుంది.

ఒక వానాకాలం ప్రెస్సులోకి నీళ్ళొచ్చి కంప్యూటరు తడిసింది. దాంతో ఒక సీజను పని పోయింది. ఆ దెబ్బతో ఉప్పల్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఉపేందర్‌ని పిలిపించి, ఏ రోజు ఫైళ్ళు ఆ రోజు క్లౌడుకి ఎక్కేలా ఏర్పాటు చేయించాను. గోడౌను అద్దెకు తీసుకున్నట్టే అనుకున్నాను. సరుకు మనది, గోడలు వాళ్ళవి.

ఎర్ర గీత కనబడిన సోమవారమే బుచ్చిబాబు ఫోన్ చేశాడు.

"అక్కా, దొంగ దొరికింది. రా."

ఆటో దిగి లోపలికి వెళ్ళేసరికి మిషన్లు ఆగి ఉన్నాయి. పనివాళ్ళు కాగితం కట్టలకు ఆనుకుని చూస్తున్నారు. చాందిని భుజాన సంచీ వేసుకుని గోడ పక్కన నిలబడి ఉంది. తలుపు తీసి ఉన్న డిజైన్ గదిలో, బల్ల మీద దాని తాళంచెవి ఉంది.

"చూడు," అన్నాడు బుచ్చిబాబు గుమ్మంలోంచే లోపలి తెర చూపిస్తూ. "మన బ్యాకప్ ఎంత? నూట ఎనభై జీబీ. క్లౌడులో నిండింది ఎంత? ఐదొందలు. మనం పంపని సరుకు అక్కడికెలా వచ్చింది? మన ఖాతాలో సొంత బేరాలు దాచుకుంటోంది ఈ పిల్ల. పీర్జాదిగూడ షాపులో మన నెమలి ఎలా తేలిందనుకున్నావ్?"

నెమలి సంగతి నిజమే. నెల కిందట పీర్జాదిగూడలో ఒక కార్డుల షాపు అద్దాల వెనక మా నెమలి కనబడింది. మెడ తిప్పే తీరూ, కంటి చుట్టూ గీతలూ చాందినివే. మా కార్డుల్లో లేనిది ఒక్కటుంది. ఆ నెమలి ముక్కున మామిడిపిందె కరుచుకుని ఉంది.

"నెమళ్ళు అందరు గీస్తరన్నా," అంది చాందిని.

"మామిడిపిందె పెట్టి గీస్తారా? మన దగ్గర ఎప్పుడైనా అలాంటిది అచ్చేశామా? వాళ్ళకోసం కొత్తగా గీసిచ్చావు. అవునా, కాదా?"

చాందిని ఏదో చెప్పబోయింది. పనివాళ్ళ వైపు చూసింది, బుచ్చిబాబు వైపు చూసింది, నోరు మూసుకుంది.

ఆ మౌనం నాకు నచ్చలేదు. సీజను ముందు మంచి డిజైనర్ని పోగొట్టుకుంటే నష్టం. దొంగని ఇంట్లో పెట్టుకుంటే అంతకంటే నష్టం. ఈ రెండిట్లో మాకు పడబోయేది ఏదో తెలియకుండా నేను సంతకం పెట్టను.

"శనివారం దాకా ఆగరా బుచ్చీ. ఈ తేడా ఎక్కడిదో నేను తేలుస్తాను. తేలకపోతే తాళం నువ్వే పెట్టుకో."

"నువ్వు జాలిపడుతున్నావక్కా."

"జాలిపడే రకాన్నయితే ఈపాటికి షాపు మూసుకుని ఏలూరులో జంతికలు అమ్ముకునేదాన్ని."

కాగితం కట్టల దగ్గర ఎవడో నవ్వి, దగ్గుగా మార్చుకున్నాడు.

"నేనెందుకు ఆగాలె మేడమ్?" అంది చాందిని. "దొంగ అన్నంక గూడ ఆగాల్నా?"

"ఇప్పుడు నువ్వు గేటు దాటితే ఆ మాట నీకంటే ముందు బస్సెక్కుతుంది. నాచారం ప్రెస్సులన్నీ ఒకే బండి దగ్గర టీ తాగుతాయి. రేపు నీకు ఎవడు పనిస్తాడు? ఆగు. నీకోసం కాకపోతే నా లెక్క కోసం ఆగు."

సంచీ దింపింది. తాళంచెవి మాత్రం ముట్టుకోలేదు.

మర్నాడు చాందినీ నేనూ కూర్చుని కంప్యూటరులో ఉన్న ఫోల్డర్లనీ క్లౌడులో కనబడే ఫోల్డర్లనీ పక్కపక్కన పెట్టి చూశాం. కార్డుకి కార్డు, వీడియోకి వీడియో సరిపోయాయి. పరాయి ఫైలు ఒక్కటీ లేదు. అయితే అవే ఫైళ్ళు ఇక్కడ నూట ఎనభై, అక్కడ నూట తొంభై మూడు. అదొక చిన్న తేడా. పోనీ అనుకున్నా, మిగతా మూడు వందల పైచిలుకు ఎక్కడుంది? సరుకు కనబడదు, గోడౌను నిండింది!

చెడిన సంబంధాల కార్డులు ఆ ఫోల్డర్లలో ఉండవు. అది మా నాన్నగారు పెట్టిన నియమం. ఏలూరులో ఆయనది సీసపు అక్షరాల ప్రెస్సు. ఏదైనా పెళ్ళి ఆగిపోయిందని కబురొస్తే అన్నం దగ్గరి నుంచి లేచి వెళ్ళైనా ఆ శుభలేఖ అక్షరాలు విడగొట్టి ఏ గడిలోవి ఆ గడిలో పడేసేవారు. జరగని పెళ్ళి కార్డు గూట్లో ఉంటే జరగాల్సిన పెళ్ళిళ్ళకి మంచిది కాదనేవారు. కంప్యూటరు వచ్చాక నేనూ అదే పాటించాను. సంబంధం చెడిందని తెలిసిన రోజే ఆ ఫైలు తీసేయాలి. ఆ కార్డు మాట కూడా ఎవరూ ఎత్తకూడదు. రెండేళ్ళ కిందట బుచ్చిబాబు సంబంధం ఖాయమై, కార్డు తయారయ్యాక తప్పిపోయినప్పుడు కూడా అంతే. ఆ సాయంత్రమే తీసేయించాను. ఇంట్లోనూ ప్రెస్సులోనూ ఎవరం మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఉపేందర్‌కి ఫోన్ చేశాను.

"మేడమ్, క్లౌడ్ల గట్లనే ఉంటది," అన్నాడు. "అందరికి ఎక్కువనే సూపిస్తది. ఫికర్ జెయ్యకుండ్రి, పెద్ద ప్లాన్ తీస్కోండ్రి."

"కాటా తప్పు చూపిస్తుంటే ఇంకో పెద్ద కాటా కొనమంటావా నాయనా?"

"అయ్యో, నాకు గంతకంటే ఎర్క లేదు మేడమ్. పెట్టుడు పెట్టిన, నడుస్తున్నది. అసలు సెట్టింగులన్ని ఓనర్ లాగిన్‌ల ఉంటయి. అది అన్న ఫోన్ నంబర్ మీద జేసిన. చాందినిది ఉత్త ఫైళ్ళు ఎక్కించే లాగిన్."

అందరికీ అలాగే ఉంటుందన్నది జవాబు కాదు. కానీ ఆ చివరి మాట పనికొచ్చేది. మూసిన గది ఇంకొకటుంది, దాని తాళం తమ్ముడి దగ్గరుంది. అందులో ఏముందో వాడికీ తెలియదు.

శుక్రవారం షాపుకి జనార్ధనరావుగారు వచ్చారు. ప్రభుత్వరంగ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. వాళ్ళమ్మాయి కార్డు మా దగ్గరే తయారవుతోంది. ఆయన్ని చూడగానే నాకు తలనొప్పి మొదలవుతుంది. వచ్చినప్పుడల్లా ఒక పేరు పెట్టమంటారు, ఒకటి తీయమంటారు.

"త్రిపురసుందరిగారూ, ఒక్క చిన్న మార్పు," అన్నారు కుర్చీ లాక్కుని.

"చెప్పండి. ఈసారి ఎవరు అలిగారు?"

"మా బావమరిది. మేనమామ పేరు కిందికి దించామని మా ఆవిడ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మొట్టమొదట మీరు చూపించారే, ఆ ప్రూఫే కావాలి. అందులో వాడి పేరు పైన ఉంది. అన్నీ కుదిరాయి దాంట్లో."

నాచారానికి ఫోన్ కలిపి అడిగాను. చాందిని ఆ పాతది లేదంది. మార్చిన ప్రతిసారీ అదే పేరుతో, అదే ఫైలు మీద భద్రపరుస్తుంది. కొత్తది ఉంటుంది, పాతది పోతుంది.

జనార్ధనరావుగారు నొచ్చుకున్నారు. "పాత ప్రతి ఉంచరా? మా ఆఫీసులో డ్రాయింగు ఎన్నిసార్లు మారితే అన్ని ప్రతులూ బీరువాలో పెట్టేవాళ్ళం. వాడేది ఒక్కటే, కానీ దాచేవి ఇరవై. చివరికి డ్రాయింగులకంటే బీరువాలే ఎక్కువయ్యాయి, కుర్చీలు వరండాలోకొచ్చాయి."

నేను పెన్ను కింద పెట్టాను. గోడౌనులో సరుకు కొద్దిగా ఉండి చోటు నిండిందంటే కారణాలు ఎన్నుంటాయి? సరుకు ఎవడైనా తెచ్చి దాచాలి. లేదా మనం వెనక్కి పంపామనుకున్న పాత సరుకు లోపలే ఉండాలి. తమ్ముడు మొదటిది పట్టుకున్నాడు. రెండోది ఎవరం అడగలేదు.

"రేపు మీరు నాతో నాచారం వస్తారా? మీ బావమరిది అక్కడ దొరకొచ్చు," అన్నాను.

శనివారం పొద్దున్నే నలుగురం డిజైన్ గదిలో చేరాం. చాందిని కంప్యూటరు ముందు కూర్చుంది. బుచ్చిబాబు ఆమె వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీ ఫోనుకి ఓటీపీ వస్తుంది, చెప్పు," అన్నాను.

"చెప్తా. దొంగతనం నా కళ్ళతో నేనే చూస్తా."

అంకెలు చెప్పాడు. ఓనర్ లాగిన్ తెరుచుకుంది. ఎప్పుడూ చూడని పేజీ అది. చాందిని మెల్లగా కిందికి జరుపుతూ పోయింది. ఒక మూల 'పాత ప్రతులు చూపించు' అని ఇంగ్లీషులో చిన్న గడి.

"నొక్కు."

నొక్కింది. జనార్ధనరావుగారి అమ్మాయి కార్డు దగ్గర ఒక్క ఫైలు ఉండాల్సిన చోట, తామరతూడు లాగినట్టు ఒకదాని కింద ఒకటి బయటికి వచ్చాయి. తెర నిండిపోయి ఇంకా ఉన్నాయి.

"ఇవన్నీ నావేనా?" అన్నారాయన కళ్ళజోడు సర్దుకుని.

"మీవే సార్. సూడుండ్రి, గిండ్ల మీ చెల్లెలి పేరు ఎక్కింది. గిండ్ల దిగింది. మల్ల ఎక్కింది."

"అమ్మా, ఆ సంగతి బయట అనకు."

"ఒక్క పేరు మారినా వీడియో మొత్తం మల్ల తయారైతది సార్. మల్ల మొత్తం పైకి ఎక్కుతది."

అదీ సంగతి. మా కంప్యూటరులో ఆఖరిది ఒక్కటే ఉంటుంది కాబట్టి బ్యాకప్ దాన్నే లెక్కేసి నూట ఎనభై అంటోంది. క్లౌడు మాత్రం మారిన ప్రతి ప్రతినీ దాచుకుని అన్నిటికీ చోటు లెక్కేస్తోంది. మేనమామలూ మేనత్తలూ అలిగినప్పుడల్లా మా గోడౌనులో ఒక మూట పెరిగింది. పెళ్ళిళ్ళు చేసే ప్రతి ఇంటికీ ఒక బావమరిది ఉంటాడు కదా.

మొట్టమొదటి ప్రూఫు దొరికింది. జనార్ధనరావుగారు దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని వెంటనే ఇంటికి పంపారు.

"సరే," అన్నాడు బుచ్చిబాబు. "పాతవన్నీ కలుపు. ఐదొందలైందా?"

కలిపాం. కాలేదు. మూడు వందల ఎనభై దాకా వచ్చి ఆగింది.

"మిగతాది?" వాడి గొంతులో మళ్ళీ బలం వచ్చింది. "ఇప్పుడు చెప్పమను."

చాందిని చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. నేను ఆగదల్చుకోలేదు. సగం తేలిన లెక్క తేలని లెక్కే. మా షాపులోంచి బయటికి పోయేవి ఏమేమిటని ఆలోచించాను. మార్చినవి అయ్యాయి. ఇంకేం పోతాయి? తీసేసినవి.

"మనం తీసేసినవి కూడా వాళ్ళు దాస్తున్నారేమో చూడు."

ఇంకో గడి ఉంది. చాందిని నొక్కబోయి నా వైపు తిరిగింది.

"మేడమ్, సార్ ఉన్నరు. వద్దు."

"నొక్కమ్మా."

తెర మీద పేర్లు వచ్చాయి. వరుడి పేరు, వధువు పేరు, మధ్యలో గీత. ఒకదాని తర్వాత ఒకటి. కొందరి ముఖాలు నాకు గుర్తున్నాయి. కార్డులు కట్టించుకుని తీసుకెళ్ళే రోజే ఆగిపోయిన పెళ్ళి ఒకటి. డబ్బు మొత్తం ఇచ్చి, కార్డులు మీరే ఉంచుకోండమ్మా అని వెళ్ళిపోయిన తండ్రి ఒకాయన. అన్నీ తీసేశామనుకున్నాం. నాన్నగారు గూట్లో ఒక్కటి కూడా నిలవనివ్వని శుభలేఖల్ని నేను ఇన్నేళ్ళూ అద్దె కట్టి దాచానన్నమాట.

జనార్ధనరావుగారు మంచినీళ్ళు తాగాలని బయటికి నడిచారు. పెద్దమనిషి.

ఆ వరుసలో ఒకచోట బుచ్చిబాబు పేరు ఉంది.

వాడే ముందుకు వంగి మౌసు తీసుకున్నాడు. ఆ కార్డుకీ పాత ప్రతులున్నాయి. మొదటిది తెరిచాడు. తోరణం కింద నెమలి, మెడ వెనక్కి తిప్పి ఉంది. ముక్కున మామిడిపిందె.

ఆ తర్వాతి ప్రతిలో మామిడిపిందె లేదు. నెమలి మామిడిపిందె తినడమేమిటని పెళ్ళికూతురి మేనత్త అందని, అప్పట్లో నేనే తీయించాను. మళ్ళీ మా దగ్గర ఆ పిందె ఎక్కడా రాలేదు. నేనూ మర్చిపోయాను. మొదటి ప్రూఫు వెళ్ళింది ఒక్క ఇంటికే. పంపింది బుచ్చిబాబు ఫోనులోంచే. ఆ ఇల్లు పీర్జాదిగూడలో.

"వాళ్ళమ్మాయికి తర్వాత పెళ్ళయింది కదా," అన్నాను మెల్లగా. "నచ్చిన బొమ్మ ఫోనులో ఉంటే ఇంకో షాపులో చూపించి చేయించుకుని ఉంటారు. మన దగ్గరికీ రోజూ ఇంకొకరి కార్డు ఫొటో పట్టుకొస్తారుగా. మనం చెయ్యట్లేదా?"

బుచ్చిబాబు చాందిని వైపు తిరిగాడు. "నీకు ఆ రోజే తెలుసా?"

"తెల్సు."

"మరి చెప్పొచ్చుగా!"

"ఏమని జెప్పాలన్నా? ఆ నెమలి నీ పెండ్లి కార్డుల గీసిందని గంతమంది ముంగట జెప్పాల్నా? ఆ మాట ఎత్తొద్దని మేడమే అన్నది గద."

నా నియమం నా షాపులో ఒక పిల్లని దొంగని చేయబోయింది. అది కూడా లెక్కలో వేసుకున్నాను.

బుచ్చిబాబు ఆ కార్డు మూసి, వరుసలో తన పేరు దగ్గరికి వచ్చాడు. తర్వాత, "దీన్ని పూర్తిగా తీసేయొచ్చా?" అన్నాడు.

"ఓనర్ లాగిన్‌ల తీస్తే మల్ల రాదన్నా."

"ఆగు," అన్నాను. "ముందు ఆ నెమలిని విడిగా తీసి పెట్టు. పిందెతో సహా. బొమ్మ మనది, గీత నీది. రేపు శ్రావణంలో పనికొస్తుంది."

"అక్కా, నువ్వు మారవు," అన్నాడు తమ్ముడు. ఆ వారంలో వాడు నవ్వడం అదే మొదటిసారి.

"నాన్నగారు అక్షరాలు విడగొట్టేవారు గానీ పారేసేవారు కాదురా. మళ్ళీ ఇంకొకరి పేరుకి వాడేవారు."

చాందిని నెమలిని పక్కన పెట్టింది. బుచ్చిబాబే వంగి నొక్కాడు. నిజంగా తీసేయాలా అని కంప్యూటరు అడిగింది. మళ్ళీ నొక్కాడు. వరుసలో వాడి పేరు మాయమై కిందివి ఒక మెట్టు పైకి జరిగాయి. మిగతా చెడిన సంబంధాలన్నీ అలాగే పోయాయి. జరిగిపోయిన పెళ్ళిళ్ళ పాత ప్రతులూ పోయాయి. చేతిలో ఉన్న ఆర్డర్లవి మాత్రం పెళ్ళయ్యేదాకా ఉంచాలని కొత్త నియమం పెట్టాను. అలిగిన బావమరుదులు ఎప్పుడు దిగొస్తారో తెలియదు కదా.

అంతా అయ్యాక కూడా అక్కడి అంకె బ్యాకప్ కంటే ఎక్కువే ఉంది. చేతిలో ఉన్న ఆర్డర్ల పాత ప్రతుల లెక్క తీసేసినా, ఆ నూట ఎనభైకీ నూట తొంభై మూడుకీ మధ్య తేడా అలాగే ఉంది. బుచ్చిబాబు దాన్ని వేలితో చూపించాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

నీళ్ళు తాగి వచ్చిన జనార్ధనరావుగారు జవాబు చెప్పారు. "కేబీ నుంచి ఎంబీకి, ఎంబీ నుంచి జీబీకి ఎక్కేటప్పుడు మీ కంప్యూటరు వెయ్యిన్నీ ఇరవై నాలుగు కలిస్తే ఒక మెట్టు అంటుంది. వాళ్ళు వెయ్యికే మెట్టు వేస్తారు. సరుకు ఒక్కటే, కొలత వేరు."

"రీములాగా," అన్నాను. నాన్నగారి కాలంలో రీము అంటే నాలుగొందల ఎనభై కాగితాలు. ఇప్పుడు ఐదొందలు. ఒకే కట్టని ఆయన ఎక్కువ రీములంటారు, నేను తక్కువంటాను. ఇద్దరిలో ఎవరమూ దొంగలం కాదు.

తెర మీద ఎర్ర గీత పోయింది. తాళంచెవి మాత్రం సోమవారం నుంచి ఉన్నట్టే బల్ల మీద ఉంది. బుచ్చిబాబు దాన్ని తీసి చాందిని ముందు పెట్టాడు.

"సారీ చాందినీ. తీసుకో."

ఆమె చేయి కదల్చలేదు.

"అన్నా, మాట గీ గదిల అనలే నువ్వు. బయట అన్నవ్. అందరి ముంగట."

బుచ్చిబాబు నా వంక చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. వాడి బాకీ వాడే తీర్చుకోవాలి.

తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. మిషన్లు నడుస్తున్న చప్పుడులో, "ఆపండిరా ఒక్క నిమిషం," అన్న కేక వినిపించింది. ఒక్కొక్కటే ఆగాయి. చాందిని లేచి గుమ్మం దగ్గరికి నడిచింది. నేనూ వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను.

"సోమవారం నేను ఈ పిల్లని దొంగన్నాను," అన్నాడు బుచ్చిబాబు. చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు. లెక్క చూడకుండా అన్నాను. ఆ నెమలి బయటికి పోయింది నా ఫోనులోంచి. నా పెళ్ళి కార్డులోంచి. ఎవరైనా అడిగితే ఇలాగే చెప్పండి. టీ బండి దగ్గర కూడా."

ఆ పెళ్ళి మాట వాడి నోటి నుంచి రావడం రెండేళ్ళ తర్వాత ఇదే. కాగితం కట్టల దగ్గర ఎవరూ దగ్గలేదు.

చాందిని వెనక్కి వచ్చి బల్ల మీది తాళంచెవి తీసుకుంది. కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది.

"సార్, మీ బామ్మర్ది పేరు పైకి ఎక్కియ్యాల్నా?" అని జనార్ధనరావుగారిని అడిగింది.

ఆయన ఫోను చూసుకుంటూ తటపటాయించారు. "ఎక్కించమ్మా. మా ఆవిడ ఇప్పుడే మెసేజ్ పెట్టింది. వాడిది పైన, వాడి భార్య పేరు కూడా పక్కన కావాలట."